పినోకియో: తండ్రిది మెత్తని మొహం, కొడుకుది గట్టి మొహం

పర్లాకిమిడిలో కొమ్ముతో కొంగను చేసేవాళ్లు కొమ్మును వేడిచేసి వంచుతారు. చల్లారాక ఆ వంపు ఇక మారదు. బొమ్మను కొద్దికొద్దిగా కదుపుతూ ఒక్కో ఫొటో తీసి సినిమాగా కూర్చే స్టాప్‌మోషన్‌లో బొమ్మకు అలా కుదరదు. షాట్ అయ్యేదాకా మెడ, వేళ్లు, కనుబొమలు వంగుతూనే ఉండాలి, ఆపినచోట కదలకుండా నిలవాలి. సెకను సినిమాకు 24 ఫ్రేములు, అంటే 24 ఫొటోలు. ఒక్కో భంగిమను రెండేసి ఫ్రేములు తీసినా సెకనుకు 12 సార్లు బొమ్మను ముట్టుకోవాల్సిందే.

2022లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చి, మరుసటి ఏడు ఆస్కార్ గెలిచిన గియెర్మో డెల్ టోరో, మార్క్ గుస్టాఫ్సన్‌ల 'పినోకియో'లో ఏడిపించేది కథ ఒక్కటే కాదు, ఆ మొహాల తయారీ కూడా. తండ్రి జెప్పెటోది సిలికాన్ చర్మం. లోపలి పుర్రెలో బుల్లి మరలుంటాయి. సన్నని కీతో తిప్పితే పెదవి కొన వెంట్రుకవాసి కదులుతుంది. అతను చెక్కిన కొయ్యపిల్లాడు పినోకియో మొహం అలా సాగితే కొయ్యలా అనిపించదు. అందుకే 3డి ప్రింటర్‌లో గట్టి మొహాలు తీసి, హావభావాన్ని బట్టి మార్చి తగిలించారు. తండ్రి దుఃఖం మెల్లగా ఊరుతుంది, పిల్లాడి సంతోషం టక్కున మారుతుంది. ఇద్దరూ ఒకే ఫ్రేములో ఉన్నప్పుడు ఆ తేడాయే మనసును మెలిపెడుతుంది.

కొడుకు కార్లో బాంబుకు బలయ్యాక, జెప్పెటో తాగిన మైకంలో సమాధి దగ్గరి చెట్టు నరికి ఈ బొమ్మను చెక్కుతాడు. ఒక చెవి లేదు, వీపున మేకులు పొడుచుకొచ్చి ఉంటాయి. ఆ మోటుతనాన్ని చివరిదాకా నునుపు చెయ్యలేదు, మంచిపని చేశారు. పైగా కార్లోకూ పినోకియోకూ గొంతు ఒక్కడిదే, గ్రెగరీ మాన్‌ది.

పాటలు మాత్రం అంతంతే. సర్కస్ భాగం సాగింది.

ఫోన్‌తో ఇంట్లో ప్రయత్నించాలనుకునే పిల్లలకు ఒక మాట: ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుతురు) మారకుండా లాక్ చెయ్యండి, కిటికీ మూసి ఒకే దీపం పెట్టండి. లేదంటే మబ్బు కమ్మినప్పుడల్లా దృశ్యం మినుకుమంటుంది. బొమ్మ లోపల అల్యూమినియం తీగను రెండు పేటలుగా మెలెయ్యండి. అయినా పదేపదే వంచితే గట్టిపడి ముందు మణికట్టు దగ్గరే విరుగుతుంది. అక్కడ తీగ మార్చుకునేలా కట్టుకోండి.

బరంపురం, పర్లాకిమిడి ఇళ్లలో ఇంగ్లిష్ అంతగా రాని పెద్దలకు కూడా మొదటి భాగం మాటల్లేకుండానే అర్థమవుతుంది. బాంబు, చావు ఉన్నాయి కనుక మరీ చిన్నపిల్లలను ఒంటరిగా కూర్చోబెట్టకండి. నిడివి 117 నిమిషాలు. చూసేముందు టీవీలో మోషన్ స్మూతింగ్ ఆపెయ్యండి. అది భంగిమల మధ్య సొంత ఫ్రేములు ఇరికించి, చేత్తో కదిపిన ఆ చిన్న అదురును తుడిచేస్తుంది.