మట్టి గోడా, కాంక్రీటా: ఇంటికి ఏది మేలు?

ఎండాకాలం రాత్రి పదింటికి స్లాబ్ ఇంట్లో పడకగది గోడ మీద చెయ్యి ఆనించి చూడండి. బయట గాలి చల్లబడినా గోడ ఇంకా వెచ్చగానే ఉంటుంది. ఫ్యాన్ వేస్తే పైకప్పు కింది వేడిగాలే మీదికి దిగుతుంది. అదే అడుగున్నర మందం మట్టి గోడైతే, పగటి ఎండ అందులోంచి లోపలికి చేరడానికి దాదాపు పది పన్నెండు గంటలు పడుతుంది. చేరే వేళకు రాత్రవుతుంది కాబట్టి కిటికీలు తీస్తే సరిపోతుంది. పైగా మట్టి, సున్నం గాలిలోని తేమను పీల్చుకుని మళ్లీ వదులుతాయి. హాయిగా ఉండటమే లెక్కైతే నేను వీటివైపే.

బలం దగ్గరికొస్తే మాట మారుతుంది. మట్టి గోడ బరువు మోయగలదు గానీ ఊపును తట్టుకోలేదు. 2003 డిసెంబరులో ఇరాన్‌లోని బామ్ నగరంలో భూకంపం వచ్చినప్పుడు మట్టి ఇటుకల ఇళ్లు కూలి పాతిక వేలకు పైగా మనుషులు చనిపోయారు. ఇది తెలిశాక భూమి కంపించే చోట వట్టి మట్టి గోడల మీద బరువైన కప్పు వేయమని ఎవరికీ చెప్పలేను.

కాంక్రీటు కూడా ఒంటరిగా బలమైనదేమీ కాదు. నొక్కితే ఎంత తట్టుకుంటుందో, లాగితే అందులో పదో వంతే తట్టుకుంటుంది. ఆ లోటు ఇనుము తీరుస్తుంది. వేడికి రెండూ ఇంచుమించు ఒకేలా వ్యాకోచిస్తాయి కాబట్టి ఒకదాన్నొకటి వదలవు. కానీ నీళ్లు సరిగా పట్టకపోయినా, ఇనుము మీద కాంక్రీటు పల్చగా ఉన్నా లోపల తుప్పు మొదలవుతుంది. తుప్పు ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమించి కాంక్రీటును పగలగొడుతుంది. స్లాబ్ కింద పెచ్చులు ఊడి కమ్మీలు బయటపడటం అందుకే.

కొత్తగా కట్టేవాళ్లకు నా సలహా ఇది: పిల్లర్లు, బీములు, స్లాబ్ కాంక్రీటుతోనే వేయండి, అక్కడ పొదుపు వద్దు. గోడలకు మాత్రం ఐదు నుంచి పది శాతం సిమెంటు కలిపి మెషీన్‌లో నొక్కిన మట్టి ఇటుకలు వాడొచ్చు, వాటిని కాల్చే పని లేదు. ఏఏసీ బ్లాకులైతే, అంటే లోపల సన్నటి గాలి బుడగలుండే తేలికపాటి కాంక్రీటు దిమ్మెలైతే, అదే పరిమాణం మామూలు ఇటుకలో మూడో వంతు బరువే, వేడినీ బాగా ఆపుతాయి. నీళ్లు పీల్చే గుణం ఉంది కాబట్టి బయటివైపు ప్లాస్టరింగ్ జాగ్రత్తగా చేయించాలి. ఏ గోడ కట్టినా స్లాబ్ మీద తెల్లటి కూల్ పెయింట్ మరవద్దు, ఎండంతా పడేది అక్కడే.

ఉన్న పాత మట్టి ఇల్లు గట్టిగా ఉంటే, బలం కోసమని దాని మీద సిమెంటు పూయించకండి. లోపలి చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. అలాంటి గోడను వేలి కణుపుతో తట్టితే డొల్ల చప్పుడు వస్తుంది. పెచ్చు ఊడదీస్తే వెనక మట్టి తడిసి పొడిపొడిగా రాలుతుంది. మట్టి గోడకు మట్టో సున్నమో పూయించండి.