పాత కంప్యూటర్‌లో 4 టీబీ హార్డ్ డిస్క్: నాలుగేళ్లు వాడాక

మా నాన్నగారు తణుకు చుట్టుపక్కల ఊళ్లలో ఏళ్ల తరబడి పెళ్లి వీడియోలు తీశారు. ఇంట్లో బీరువా నిండా మినీ డీవీ క్యాసెట్లు, మొత్తం నూట అరవై. గంట క్యాసెట్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే దాదాపు 13 జీబీ అవుతుంది. క్యామెరాని తగిలించే ఫైర్‌వైర్ కార్డు 2010లో అసెంబుల్ చేయించిన పాత డెస్క్‌టాప్‌లోనే ఉంది. అది జీ41 బోర్డు, కోర్ 2 డుయో ఈ7500 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్. నా ల్యాప్‌టాప్‌కి ఆ పోర్టే లేదు. అందుకే 2021 అక్టోబరులో సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో 4 టీబీ డిస్క్ కొని ఈ పాతదాంట్లో బిగించాను.

ఎక్స్‌టర్నల్ డిస్క్ తీసుకోవచ్చు కదా అని చాలామంది అడిగారు. ఈ బోర్డుకి ఉన్నది యూఎస్‌బీ 2.0. సెకనుకి 30 ఎంబీ దాటడం కష్టం. ఆ లెక్కన 4 టీబీ నింపాలంటే రోజున్నర పైనే పడుతుంది. లోపల డిస్క్ తగిలించే సాటా పోర్టు పాతదే అయినా డిస్క్ ఇచ్చే వేగానికి అది చాలు.

ముందు విండోస్ 7 వేసి చూశాను. 2 టీబీకి కాస్త పైన ఆగిపోయింది, మిగతా సగం ఎందుకూ పనికిరాలేదు. ఇది విండోస్ తప్పు కాదు. డిస్క్‌ని భాగాలుగా పంచి రాసుకునే పాత ఎంబీఆర్ పద్ధతిలో సెక్టార్ (డిస్క్ మీది చిన్న గడి) నంబరుకి 32 బిట్ల చోటే ఉంటుంది. సెక్టారుకి 512 బైట్లు లెక్కేస్తే 2.2 టీబీ దగ్గర నంబర్లు అయిపోతాయి. దాని తర్వాత వచ్చిన జీపీటీ పద్ధతిలో ఆ ఇబ్బంది లేదు కానీ, జీపీటీ డిస్క్ నుంచి విండోస్ బూట్ కావాలంటే బోర్డులో యూఈఎఫ్ఐ అనే కొత్త తరహా స్టార్టప్ ప్రోగ్రామ్ ఉండాలి. మా బోర్డులో ఉన్నది దానికి ముందుతరం బయోస్.

లైనక్స్‌కి ఆ షరతు లేదు. జీపీటీ డిస్క్ మొదట్లో 1 ఎంబీ బయోస్ బూట్ పార్టిషన్ ఒకటి ఉంటే గ్రబ్ (లైనక్స్‌ని లేపే ప్రోగ్రామ్) అందులో కూర్చుంటుంది. లైనక్స్‌లో ఒక రకమైన డెబియన్ 11 వేశాను, గంటలోపే అయిపోయింది. తీరా రీస్టార్ట్ చేస్తే బూట్ అయ్యే డిస్కే లేదంది. కొన్ని పాత బయోస్‌లు ఎంబీఆర్‌లో యాక్టివ్ గుర్తు కనిపించకపోతే డిస్క్‌ని అసలు పట్టించుకోవు. పెన్‌డ్రైవ్‌తో రెస్క్యూలోకి వెళ్లి, పార్టెడ్ అనే టూల్‌లో పీఎంబీఆర్ (జీపీటీ డిస్క్‌లోనూ ఉండే నామమాత్రపు ఎంబీఆర్) బూట్ ఫ్లాగ్ ఆన్ చేశాను. అంతే, లేచింది.

బయోస్ తెరలో ఒక విచిత్రం కనిపించింది. డిస్క్ సైజు 1801 జీబీ అని చూపించింది. డిస్క్‌లో నిజంగా ఉన్నది 4000 జీబీ. అందులోంచి 32 బిట్లలో పట్టే 2199 తీసేస్తే మిగిలేది 1801. అంటే బయోస్ పై బిట్లు వదిలేసి, మిగిలిన అంకెనే డిస్క్ సైజు అనుకుంటోంది. కెర్నల్ (లైనక్స్ గుండెకాయ) లేచాక తన సొంత డ్రైవర్‌తో నేరుగా డిస్క్‌తో మాట్లాడుతుంది కాబట్టి డెబియన్‌కి మాత్రం 4 టీబీ మొత్తం కనిపించింది. పోనీలే అని వదిలేశాను. అక్కడే తప్పు చేశాను.

దాదాపు రెండేళ్లు ఏ ఇబ్బందీ లేదు. 2023 జులైలో డెబియన్ 12కి అప్‌గ్రేడ్ చేసి రీస్టార్ట్ చేస్తే నల్ల తెర మీద ఒక్క లైను: డిస్క్ హద్దు బయట చదవబోయాను అని గ్రబ్ మొర. గుండె ఆగినంత పనైంది. అప్పటికి అందులో నూటపది పెళ్లిళ్లు ఉన్నాయి. డిస్క్ పోయిందనుకుని ఎంత టెన్షన్ పడ్డానో చెప్పలేను. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి చూస్తే ఫైళ్లన్నీ క్షేమం.

సంగతేమిటంటే, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మొత్తం డిస్క్‌ని ఒకే పార్టిషన్‌గా ఇచ్చాను. అప్‌గ్రేడ్‌లో వచ్చిన కొత్త కెర్నల్ ఫైలు 1801 జీబీ దాటిన చోట పడింది. కెర్నల్‌ని చదివి పైకి తేవాల్సిన గ్రబ్ ఆ సమయంలో బయోస్ కళ్లతోనే చూస్తుంది, బయోస్‌కి అక్కడ డిస్కే లేదు. పాత కెర్నల్ అదృష్టవశాత్తూ ముందు భాగంలో పడింది కాబట్టి అన్నాళ్లు నడిచింది. వెనకటికి /బూట్‌ని (కెర్నల్, గ్రబ్ ఫైళ్లుండే చోటు) డిస్క్ మొదట్లో, 1024వ సిలిండర్‌లోపే పెట్టమనేవారు. హద్దు మారింది కానీ జబ్బు అదే.

మూడు వారాలు /బూట్‌ని ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టి నడిపించాను. తర్వాత స్నేహితుడి డిస్క్ అరువు తెచ్చి, అంతా అందులోకి కాపీ చేసి, మొదట్నుంచీ మళ్లీ కట్టాను. 1 ఎంబీ బయోస్ బూట్, ఆ వెంటనే 1 జీబీ /బూట్, తర్వాత సిస్టమ్‌కి 60 జీబీ రూట్, మిగిలిందంతా సొంత ఫైళ్లకి /హోమ్. బయోస్ చదవాల్సిందంతా మొదటి జీబీలోనే ఉంటుంది, ఇంక కెర్నల్ ఎక్కడికీ జారిపోదు. మీ పాత మెషీన్‌లో 2 టీబీ దాటిన డిస్క్ వేస్తుంటే, ఇన్‌స్టాలర్ చెప్పినా చెప్పకపోయినా, ఈ /బూట్ ముక్క మాత్రం డిస్క్ మొదట్లో విడిగా పెట్టండి.

విండోస్ తప్పనిసరి అయితే మా బాబాయి చేసిన ఏర్పాటు మేలు. ఆయన డీటీపీ షాపులో శుభలేఖలన్నీ పేజ్‌మేకర్, అను ఫాంట్లతోనే. విండోస్ 7ని 120 జీబీ ఎస్ఎస్‌డీలో ఎంబీఆర్‌గా ఉంచి, పెద్ద డిస్క్‌ని జీపీటీ చేసి డేటాకే వాడుతున్నాడు. మామూలు 32 బిట్ ఎక్స్‌పీలో ఇది కుదరదు, దానికి జీపీటీ అర్థం కాదు.

మిగతావి చిన్న విషయాలు. మూడో ఏడు పాత ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) డిస్క్‌ని తిప్పలేక టిక్కుటిక్కుమంటే మార్చాను. బోర్డు మీద బయోస్ సెట్టింగులు నిలిపే సీఆర్2032 సెల్ అయిపోయి బూట్ ఆర్డర్ మారిపోయింది, కొత్తది వేశాను. డిస్క్‌లో ఇంతవరకూ ఒక్క సెక్టారూ పాడవలేదు.

గత నెల డెబియన్ 13కి మార్చాను. రీస్టార్ట్ నొక్కేటప్పుడు నాన్నగారు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. గ్రబ్ మెనూ వచ్చింది, కొత్త కెర్నల్ లేచింది, లాగిన్ తెర కనిపించింది. "ఇంకెన్ని ఉన్నాయిరా?" అని అడిగారు. పదిహేడు క్యాసెట్లు ఉన్నాయి.