వాల్వు గిటార్ ఆంప్‌కు నల్లగొండలోనే నమ్మకమైన రిపేరు

నల్లగొండ ప్రకాశం బజారులో ఆంప్లిఫయర్లు, మిక్సర్లు బాగుచేసే ఒక చిన్న దుకాణం ఉంది. పెళ్లిళ్ల సౌండ్ సెట్లు, గుడి మైకులు, చర్చి కీబోర్డులు ఎక్కువగా వచ్చే ఆ చోట, వాల్వులతో (పాత రేడియోల్లో ఉండే గాజు గొట్టాలతో) పనిచేసే గిటార్ ఆంప్‌ను, అంటే ఆంప్లిఫయర్‌ను కూడా తెలిసి చూడగల మనిషి ఉన్నారని మన జిల్లాలో గిటార్ వాయించేవారందరికీ తెలియాలని ఈ సమీక్ష రాస్తున్నాను.

మా చర్చి గాయకబృందంలో నేను వాడేది 15 వాట్ల ఆంప్. గిటార్ సంకేతాన్ని పెంచే ముందు దశలో 12ఏఎక్స్7 రకం వాల్వులు, స్పీకర్‌ను నడిపే చివరి దశలో రెండు ఈఎల్84 రకం పవర్ వాల్వులు ఉంటాయి. ఆన్ చేశాక అరగంట వరకూ ధ్వని చక్కగా ఉండేది. ఆ తర్వాత గుంయ్ మనే మోత మొదలై, గిటార్ శబ్దం పలచబడి బొంగురుపోయేది. వెనక జాలీలోంచి చూస్తే ఈఎల్84లలో ఒకదాని ప్లేటు (లోపలి లోహపు రేకు) ఎర్రగా కాలుతూ కనిపించేది. హైదరాబాద్‌లోని ఒక సర్వీస్ సెంటర్ వారు పవర్ వాల్వుల జత మార్చి, బాగైందని ఇచ్చేశారు. కొన్ని వారాలకే కొత్త జతలోనూ అదే సాకెట్‌లోని వాల్వు ఎర్రబడింది. వాల్వు మారినా లోపం అదే సాకెట్‌లో ఉండిపోయిందంటే తప్పు వాల్వుది కాదు. ఆంప్‌ను కాసేపు వేడెక్కనిచ్చి చూసి ఉంటే ఆ సంగతి అక్కడే తేలేది.

ప్రకాశం బజారులో పని మొదలైన తీరే వేరు. వాల్వు రేడియోల కాలం నుంచి ఈ పనిలో ఉన్న పెద్దాయన, స్క్రూడ్రైవర్ అందుకోకముందే "మోత ఆన్ చేసినప్పటి సంది వస్తుందా, వేడెక్కినంక వస్తుందా?" అని అడిగారు. కరెంటు సరఫరాలోని ఎగుడుదిగుళ్లను సరిచేసే ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోతే మోత సాధారణంగా మొదటి నుంచే వినిపిస్తుంది. రెండు పవర్ వాల్వులూ సమానంగా కరెంటు తీసుకున్నంతసేపు, సరఫరాలో మిగిలిపోయే 100 హెర్ట్‌జ్ మోత, వాల్వులకూ స్పీకర్‌కూ మధ్య ఉండే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో చాలావరకు రద్దయిపోతుంది. ఒక వాల్వు అతిగా లాగితే ఆ సమతూకం చెడి మోత స్పీకర్‌కు చేరుతుంది. అంటే ఎర్రబడడం, మోత రావడం రెండు వేర్వేరు జబ్బులు కావు.

ఆయన ఆంప్‌ను నేరుగా 230 వోల్టులకు కాక, ముందుగా సిరీస్ బల్బు బోర్డు (కరెంటు ఒక బల్బు గుండా వెళ్లే ఏర్పాటు) ద్వారా కలిపి, లోపల షార్టు లేదని తేల్చుకున్నారు. స్పీకర్ తగిలించనిదే ఆన్ చేయలేదు. లోడు లేకుండా నడిపితే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం ఉంది. ప్లగ్గు తీసేశాక కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో ప్రాణాంతకమైన వోల్టేజీ నిలిచి ఉండగలదు కాబట్టి, రెసిస్టర్‌తో దాన్ని ఖాళీ చేసి, మీటరుతో చూసుకున్నాకే లోపల చెయ్యి పెట్టారు. ఇది తెలియనివారు ఇంట్లో ఆంప్ విప్పవద్దని గట్టిగా చెబుతున్నాను.

అసలు పరీక్ష చూడవలసిందే. ఎర్రబడే వాల్వును తీసేసి, మళ్లీ ఆన్ చేసి, ఖాళీ సాకెట్‌లో 2వ పిన్ దగ్గర, అంటే వాల్వులో కరెంటును అదుపుచేసే కంట్రోల్ గ్రిడ్ దగ్గర, డీసీ (ఒకే దిశలో ఉండే) వోల్టేజీ కొలిచారు. అక్కడ సున్నా ఉండాలి. మొదట సున్నా దగ్గరే ఉన్న అంకె, పక్కనున్న కప్లింగ్ కెపాసిటర్‌కు హెయిర్ డ్రయ్యర్‌తో వేడి తగిలించేసరికి మెల్లగా ఎక్కి 3 వోల్టులు దాటింది. గాలి ఆపాక మెల్లగా దిగింది. ముందు దశలోని అధిక డీసీని అడ్డుకుని, గిటార్ సంకేతాన్ని మాత్రమే పంపవలసిన ఆ కెపాసిటర్ వేడెక్కినప్పుడు డీసీని కారుస్తోంది. దాంతో గ్రిడ్ పాజిటివ్‌గా మారి ఆ వాల్వు కరెంటును విపరీతంగా లాగుతోంది. రెండు వాల్వుల కరెంటూ ఒకే క్యాథోడ్ రెసిస్టర్ గుండా పోవడంతో, దాని మీద వోల్టేజీ పెరిగి రెండో వాల్వు అణగిపోతోంది. ధ్వని పలచబడడానికీ కారణం అదే.

ఆ కెపాసిటర్‌తో పాటు దాని జతదాన్నీ తీసేసి, 0.022 మైక్రోఫారడ్, 630 వోల్టుల కొత్తవి వేశారు. తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ సెంటర్ ట్యాప్ (వైండింగ్ మధ్య బిందువు) నుంచి ఒక్కో ప్లేటుకూ ఉన్న వోల్టేజీ తేడాను ఆ వైండింగ్ రెసిస్టెన్స్‌తో భాగించి, రెండు వాల్వుల కరెంటూ దాదాపు సమానంగా ఉందని నాకు చూపించారు. రెండు కెపాసిటర్లకు కలిపి వంద రూపాయలు కూడా కాలేదు. నేను చెల్లించినదంతా దాదాపుగా ఆయన పనితనానికే, అది పూర్తిగా న్యాయమైన ఖర్చు.

లోటుపాట్లు లేకపోలేదు. ఈఎల్84 వాల్వులు దుకాణంలో ఉండవు. అవి కావలసి వస్తే తెప్పించేదాకా ఆగాలి. ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ ఆయన చేయరు, బయటికి పంపుతారు. బిల్లు ప్రింటు చేసి ఇవ్వరు గాని, మార్చిన భాగాల వివరాలు కాగితం మీద రాసిచ్చి, పాతవి కూడా చేతిలో పెడతారు. వినాయక చవితికి ముందు, పెళ్లిళ్ల రోజుల్లో సౌండ్ సెట్ల రద్దీ ఉంటుంది గనుక ఆ సమయంలో వెళ్లకపోవడం మేలు. మీరు వాడే స్పీకర్‌ను, కేబుళ్లను కూడా వెంట తీసుకెళ్లి, లోపం ఎంతసేపటికి మొదలవుతుందో స్పష్టంగా చెప్పండి. అది బయటపడేదాకా ఆంప్‌ను ఆన్‌లో ఉంచి కనిపెట్టుకుని కూర్చునే ఓపిక ఆయనకు ఉంది.