మూడు వేసవులు వాడిన తెల్ల గుడ్డ సంచులు, వాటి మీది పండ్ల మరకలు

120 మైక్రాన్ల కన్నా పలుచని ప్లాస్టిక్ సంచులపై 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతటా నిషేధం అమలులోకి వచ్చిన కొద్ది రోజులకే, పటమట రైతు బజారుకు తీసుకువెళ్లేందుకు రెండు తెల్లని నూలు కాన్వాస్ సంచులు కొన్నాను. అప్పటి నుంచి మూడు వేసవుల పాటు మామిడి రసాలు, నేరేడు పండ్లు, దానిమ్మలు, అరటి హస్తాలు అన్నీ వాటిలోనే ఇంటికి చేరాయి. గుడ్డ నాణ్యత గురించి ఫిర్యాదు లేదు. రెండు సంచులూ ఇప్పటికీ ఐదు కిలోల బరువును తేలికగా మోస్తున్నాయి. నన్ను ఇబ్బంది పెట్టినవి మరకలే.

మొదటి ఏడాది నేరేడు మరక మీద బట్టల సబ్బు రుద్ది తప్పు చేశాను. ఊదా రంగు మరక నా కళ్ల ముందే నీలంగా మారి, నూలు పోగుల్లోకి ఇంకిపోయింది. నేరేడు, దానిమ్మ పండ్లకు రంగునిచ్చే ఆంథోసయనిన్లు పులుపు తగిలితే ఎర్రబడతాయి, సబ్బులోని క్షారం తగిలితే నీలంగా మారతాయి. ఈ సంగతి తెలుసుకున్నాక వరుస మార్చాను. సంచిని తిరగేసి, మరక ఉన్న చోటును బకెట్ మూతి మీద బిగువుగా లాగి తాడుతో కట్టి, మూరెడు ఎత్తు నుంచి మరిగే నీళ్లను సన్నని ధారగా పోస్తాను. బకెట్‌లోకి మొదట ఊదా రంగు నీరు, తరువాత గులాబీ రంగు నీరు దిగి, చివరికి తేట నీరు వస్తుంది. మిగిలిన ఛాయ మీద నిమ్మరసం పిండి పావుగంట ఉంచి, బాగా జాడించిన తరువాతే సబ్బు పెడతాను. మరక పడిన గంటలోపు ఇలా చేసినప్పుడు ఫలితం చాలా బాగుంది.

ఆరిపోయిన మరకకు ఇది చాలదు. దానికి ఆక్సిజన్ బ్లీచ్ పొడి, అంటే సోడియం పెర్‌కార్బొనేట్ ఉన్న పొడిని వేడి నీళ్లలో కలిపి, సంచిని నాలుగు గంటలు నానబెడతాను. కలిపిన నీటిని మూత బిగించి దాచకూడదు. దాని నుంచి వెలువడే ఆక్సిజన్ వల్ల సీసా పగిలే ప్రమాదం ఉంది. క్లోరిన్ బ్లీచ్‌ను నేను ఒక్కసారే వాడాను, చేతి పట్టీల కుట్లు బలహీనపడటంతో మానేశాను. అందులో నిమ్మరసం గానీ వెనిగర్ గానీ కలిస్తే విషవాయువు పుడుతుంది కాబట్టి వాటిని ఎన్నడూ ఈ బ్లీచ్ దగ్గరికి చేర్చవద్దు.

మామిడి రసం మరకకు ఇంత శ్రమ అక్కరలేదు. గిన్నెలు తోమే ద్రవంతో ఉతికి, తడిగా ఉండగానే డాబా మీద ఆరవేస్తే, బెజవాడ ఎండకు ఆ పసుపు రంగు రెండు మూడు రోజుల్లో వెలిసిపోతుంది. అచ్చు బొమ్మలున్న సంచులకు మాత్రం ఈ ఎండ పనికిరాదు, బొమ్మ కూడా వెలిసిపోతుంది.

ముదిరిన అరటి పసరు మరక ముందు ఇవన్నీ ఓడిపోయాయి. ఒక సంచి అడుగున రూపాయి బిళ్లంత గోధుమ రంగు మచ్చ రెండేళ్లుగా అలాగే ఉంది. అందుకే అరటి పండ్ల కోసం ఇప్పుడు ముదురు రంగు సంచిని వేరుగా తీసుకువెళ్తున్నాను.