క్రాంక్ సెన్సర్ మార్చేయడమా, చెక్ చేయించడమా: పాత బండికి ఏది మేలు?

పాత కారు స్టార్టింగ్ ట్రబుల్ ఇస్తోందని విజయవాడ ఆటోనగర్‌కి తీసుకెళ్తే తరచూ వినిపించే మాట, "క్రాంక్ సెన్సర్ పోయుంటుంది సార్, మార్చేద్దాం". చాలా బండ్లలో అది ఒకట్రెండు బోల్టుల పని, స్పేర్ పార్టుల షాపులూ నాలుగడుగుల్లోనే ఉంటాయి. అందుకే ఆ మాట అంత తేలిగ్గా వస్తుంది. రెండో దారి స్కానర్ పెట్టించడం, అంటే బండి కంప్యూటర్‌లో నమోదైన తప్పుల కోడ్‌లు చదివే మెషిన్‌తో చూపించడం. మూడోది, బండి ఎప్పుడు మొరాయిస్తోందో గమనించి, మల్టీమీటర్‌తో (వోల్టులు, ఓమ్స్ కొలిచే మీటర్) ఒక్కొక్కటీ తేల్చుకోవడం. ఒక్క సందర్భం మినహా నా ఓటు మూడోదానికే.

మీది కార్బరేటర్ మారుతి 800 అయినా, మెకానికల్ పంపున్న పాత డీజిల్ ఇండికా అయినా ఈ చర్చతో పనిలేదు, అవి ఈ సెన్సర్ మీద ఆధారపడి నడిచేవి కావు. ఇండికా పొద్దున్నే స్టార్ట్ కాకపోతే హీటర్ ప్లగ్గులు చూపించుకోండి, చాలు.

ఇంజెక్షన్ పెట్రోల్ బండ్లకూ, కామన్ రైల్ డీజిళ్లకూ (కంప్యూటర్ ఇంజెక్టర్లను నడిపే కొత్త తరహా డీజిళ్లు) మాత్రం క్రాంక్ సెన్సర్ ప్రాణం లాంటిది. క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్ల కదలికతో తిరిగే ఇంజిన్ ఇరుసు) ఏ స్థానంలో ఉందో, ఎంత వేగంగా తిరుగుతోందో దాంతోపాటు తిరిగే పళ్ల చక్రాన్ని చూసి బండి కంప్యూటర్‌కి చెప్పేది అదే. ఆ కబురు అందకపోతే చాలా బండ్లలో స్పార్కూ రాదు, ఇంజెక్టరూ తెరుచుకోదు. సెల్ఫ్ శుభ్రంగా తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. కొన్ని తొలినాటి ఇంజెక్షన్ బండ్లలో ఈ పని డిస్ట్రిబ్యూటర్‌లోని సెన్సర్ చేస్తుంది కాబట్టి, లేని సెన్సర్‌కి డబ్బులు కట్టకుండా ముందు మీ బండిలో ఏముందో కనుక్కోండి.

అసలు సగం రోగం బండి ఆగే వేళలోనే తెలిసిపోతుంది. రాత్రంతా నిలిపి, పొద్దున తీసేటప్పుడు మాత్రమే సెల్ఫ్ చాలాసేపు కొట్టాల్సి వస్తోందా? సెన్సర్ మీద అనుమానం తర్వాత పెట్టుకోండి. తాళం ఆన్ చేసి, పంపు చప్పుడు ఆగాక ఆఫ్ చేసి, అలా రెండు మూడుసార్లు చేశాక సెల్ఫ్ కొట్టండి. వెంటనే అందుకుంటే లైన్లో పెట్రోల్ ప్రెషర్ నిలవడం లేదన్నమాట. పంపులోని వన్‌వే వాల్వో, కారుతున్న ఇంజెక్టరో కారణం కావచ్చు.

అలా కాకుండా పొద్దున బాగానే స్టార్టయి, రోహిణి కార్తె ఎండలో బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో నిలబడ్డాక చటుక్కున ఆగిపోయి, అరగంట చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్టయితే, అది క్రాంక్ సెన్సర్ లక్షణమే. లోపలి కాయిల్ తీగ వేడికి వ్యాకోచించి తెగిన చోట విడిపోతుంది, చల్లబడితే మళ్లీ తగులుతుంది. అదే ఆ దాగుడుమూతలకు కారణం. సెల్ఫ్ తిరుగుతుండగా ఆర్పీఎం ముల్లు వంక కూడా ఓసారి చూడండి. చాలా బండ్లలో అది కొంచెమైనా లేవాలి. సున్నా దగ్గరే పడుకుని ఉంటే సిగ్నల్ రావడం లేదని అనుమానించవచ్చు.

సెన్సర్ పోయినట్టే నటించేది ఇంకోటుంది: బ్యాటరీ. రెండు వైర్ల సెన్సర్ (అయస్కాంతం, కాయిల్ ఉండే రకం) ఇచ్చే సిగ్నల్ ఇంజిన్ తిరిగే వేగాన్ని బట్టి ఉంటుంది. బ్యాటరీ నీరసపడో, ఎర్త్ వైరు తుప్పుపట్టో సెల్ఫ్ ఈడ్చుకుంటూ తిరిగితే, మంచి సెన్సర్ కూడా చాలినంత సిగ్నల్ ఇవ్వలేదు. నిలకడగా ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపించి, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కన్నా కిందికి జారితే, ముందు బ్యాటరీ, టెర్మినళ్ల సంగతి చూడాలి.

స్కానర్ మంచిదే. కానీ అది చెప్పే మాటకు అర్థం వేరు. పి0335 అని కోడ్ వస్తే "సెన్సర్ పోయింది" అని కాదు, ఆ సర్క్యూట్లో ఎక్కడో తేడా ఉందని. వైరు తెగినా, సాకెట్లో ఆయిల్ చేరినా, ఎలుక కొరికినా అదే కోడ్ రావచ్చు. కోడ్ రాలేదంటే సెన్సర్ క్షేమంగా ఉన్నట్టూ కాదు. కోడ్ కన్నా, సెల్ఫ్ కొడుతుండగా తెర మీద ఆర్పీఎం కనిపిస్తోందా అని చూడటమే ఎక్కువ పనికొస్తుంది. బీఎస్ 4 (కాలుష్య ప్రమాణం) కార్లకు ఓబీడీ 2, అంటే ఏ స్కానరైనా చదవగలిగే ఉమ్మడి పద్ధతి, తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్ నుంచి. అంతకు ముందు బండ్లలో చాలావాటికి చవక బ్లూటూత్ స్కానర్ కనెక్టే కాదు, ఆ కంపెనీ బండి కంప్యూటర్‌తో మాట్లాడగల మెషిన్ ఉన్న ఎలక్ట్రీషియన్ కావాలి.

మీటర్ అయితే, రెండు వైర్ల సెన్సర్‌కి ఓమ్స్ కొలవవచ్చు. చాలావాటిలో కొన్ని వందల నుంచి వెయ్యి పైచిలుకు వరకు ఉంటుంది, ఖచ్చితమైన అంకె మీ బండి మాన్యువల్లో చూడాలి. మూడు వైర్లది సాధారణంగా హాల్ రకం, అంటే కరెంటు సప్లై తీసుకుని పనిచేసే ఎలక్ట్రానిక్ సెన్సర్. దానికి ఓమ్స్ చూసి లాభం లేదు, సప్లై వోల్టేజీ, సిగ్నల్ చూడాలి. సెన్సర్ ఏ రకందైనా, బండి వేడిగా మొండికేసినప్పుడే కొలవాలి. షెడ్డుకు చేరి చల్లారాక అన్నీ బాగానే కనిపిస్తాయి. సెన్సర్ విప్పినప్పుడు దాని మూతి చూడండి. అయస్కాంతం కదా, ఇనుప రజను గడ్డంలా పట్టుకుని ఉంటుంది, తుడిచేస్తేనే బాగుపడ్డ బండ్లున్నాయి. వైరును వేళ్లతో నొక్కి చూడండి. పాత బండ్లలో పైతొడుగు పొట్టులా రాలి, రాగి బయటపడుతుంది. అప్పుడు కొత్త సెన్సర్ ఏం చేస్తుంది?

చెక్ చేయకుండా మార్చేయమనే ఆ ఒక్క సందర్భం: బండి పరుగులో ఉండగా ఆగిపోతున్నప్పుడు. వారధి దాటి గుంటూరు హైవే మీద లారీల మధ్య ఇంజిన్ చస్తే పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది, నాలుగు తొక్కుళ్లలో బ్రేకు రాయిలా అవుతుంది. అలాంటప్పుడు "మీటర్‌లో బాగానే ఉంది కదా" అని టెన్షన్‌తో తిరగడం తెలివి కాదు. వయసైపోయిన సెన్సర్ తీసేసి, వైరింగ్ సరిచూసి కొత్తది వేయించండి.

కొనేటప్పుడు ఒరిజినలే, లేదా కంపెనీకి సప్లై చేసే బ్రాండుదే. తుక్కు బండిలోంచి తీసిన సెన్సరూ మీదాని ఈడుదే, అంతే వేడి తిన్నదే. డూప్లికేట్‌తో ఇంకో చిక్కు, మూతి ఒక మిల్లీమీటరు పొట్టిగా ఉన్నా పళ్ల చక్రానికి దూరమై సిగ్నల్ బలహీనపడుతుంది. అందుకని పాతది వెంట తీసుకెళ్లి, కౌంటర్ మీద రెండూ పక్కపక్కన పెట్టి పొడవు, సాకెట్ సరిచూసుకున్నాకే డబ్బులివ్వండి. కొన్ని మోడళ్లలో కొత్తది బిగించాక స్కానర్‌తో రీలెర్న్ (కొత్త సెన్సర్‌ని కంప్యూటర్‌కి అలవాటు చేయడం) చేయించాలి, అదీ అప్పుడే అడిగేయండి.