290 వాట్ల ఎస్ఎంపీఎస్ మీద ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ: ఏడాది వాడాక నా అభిప్రాయం

మాది మలికిపురం పక్కన ఊరు, పెళ్లి వీడియోల మిక్సింగ్ నా పని. ఏడాదిగా ఈ గ్రాఫిక్స్ కార్డు మీదే పని చేస్తున్నాను, మొన్న మాఘం సీజన్ మొత్తం దీని మీదే గట్టెక్కింది. ఇంతకుముందు ఒక కార్డు విషయంలో దెబ్బ తిన్నాను కాబట్టి ఆ సంగతి కూడా చెబుతాను, ఎందుకంటే నాలాగే పాత బ్రాండెడ్ డెస్క్‌టాప్ కొనుక్కుని దానికో గ్రాఫిక్స్ కార్డు తగిలిద్దాం అనుకునేవాళ్లు మా వైపు చాలామంది ఉన్నారు, వాళ్లలో సగం మంది కార్డు గురించే అడుగుతారు గానీ దానికి కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో అడగరు. నేనూ అడగలేదు.

నా సిస్టమ్ ఆఫీసుల్లోంచి బయటికొచ్చిన సెకండ్ హ్యాండ్ టవర్. ఐ5-4590 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, లోపల 290 వాట్ల ఎస్ఎంపీఎస్, అంటే సిస్టమ్ మొత్తానికి కరెంటు ఇచ్చే పెట్టె. మనిషి చెయ్యేసి చూస్తే గట్టి సరుకు అని తెలుస్తుంది, కానీ ఆ ఎస్ఎంపీఎస్ నుంచి గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లే 6 పిన్నుల వైరే ఉండదు. పక్క టౌన్లో ఒక షాపులో సెకండ్ హ్యాండ్ జీటీఎక్స్ 1060 6 జీబీ చూపించారు. మంచి కార్డే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. అది 120 వాట్ల కార్డు, 6 పిన్నుల ప్లగ్ కావాలి. "వైరు లేదు కదండీ" అంటే, హార్డ్ డిస్కుకి పెట్టే సాటా పవర్ ప్లగ్ నుంచి 6 పిన్నులకి మార్చే చిన్న కన్వర్టర్ ఒకటి తీసి, "ఏం కాదండీ, అందరికీ ఇలాగే పెడుతున్నామండీ" అని బిగించేశారు.

మూడు వారాలు బాగానే నడిచింది. ఒకరోజు రాత్రి అంతర్వేది పెళ్లి ఒకటి ఎక్స్‌పోర్ట్ పెట్టి భోజనానికి వెళ్లాను, వచ్చేసరికి గదంతా ప్లాస్టిక్ కాలిన వాసన, సిస్టమ్ ఆగిపోయి ఉంది. మూత తీస్తే ఆ కన్వర్టర్ ప్లగ్ కరిగి డిస్కు వైరుకి అంటుకుపోయింది. ఫుటేజ్ ఉన్న డిస్కు దక్కింది, అది ఆ నరసింహస్వామి దయ అనుకున్నాను. పెళ్లికూతురి అన్నయ్య మస్కట్‌లో ఉంటాడు, పెళ్లికి రాలేకపోయాడు, ఆ వీడియో కోసమే రోజూ ఫోన్ చేసేవాడు. అది పోయుంటే ఆయనకు ఏమని చెప్పేవాడిని? ఆ టెన్షన్ తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

తర్వాత కూర్చుని లెక్క చూసుకుంటే అర్థమైంది. మదర్‌బోర్డు మీద కార్డు కూర్చునే పెద్ద స్లాట్ గరిష్ఠంగా 75 వాట్లు ఇస్తుంది, అందులో 12 వోల్టుల లైను మీద వచ్చేది 66 వాట్లు. 6 పిన్నుల ప్లగ్ ఇంకో 75 ఇవ్వడానికి, 8 పిన్నులది 150 ఇవ్వడానికి చేసినవి. సాటా పవర్ ప్లగ్‌లో 12 వోల్టులకి మూడు పిన్నులు, ఒక్కోటి ఒకటిన్నర ఆంపియర్, అంటే మొత్తం 54 వాట్లే. 1060 లాంటి కార్డు స్లాట్‌లోంచి తీసుకున్నది పోను మిగతా యాభై అరవై వాట్లు ఆ సన్న పిన్నుల్లోంచే లాగాలి, అదీ రెండు మూడు గంటలు ఆగకుండా. పిల్లకాలువలోకి ప్రధాన కాలువ నీళ్లు వదిలితే గట్టు తెగకుండా ఉంటుందా? అక్కడా అదే జరిగింది. కాబట్టి సాటా నుంచి 6 పిన్ను కన్వర్టర్ ఎవరైనా చేతిలో పెడితే తీసుకోకండి, ఫ్రీగా ఇచ్చినా సరే.

"ఎస్ఎంపీఎస్ మార్చేయొచ్చు కదా" అని మీరు అనొచ్చు, నేనూ అదే అనుకున్నాను. ఇలాంటి బ్రాండెడ్ టవర్లలో చాలావాటికి మదర్‌బోర్డుకు వెళ్లే ప్లగ్ మామూలు 24 పిన్నులది కాదు, కంపెనీ సొంతంగా పెట్టుకున్న ఆకారం, బయటి ఎస్ఎంపీఎస్ పెట్టాలంటే మళ్లీ అడాప్టర్ వైరు తెప్పించాలి. ఇక బయట చవగ్గా దొరికే ఎస్ఎంపీఎస్‌ల సంగతి. పైన పెద్ద అక్షరాలతో 450, 500 అని ఉంటుంది. దాన్ని చూడకండి, పక్కన స్టిక్కర్ మీద చిన్న గళ్ల పట్టిక ఉంటుంది, అందులో +12 వోల్టుల కింద ఎన్ని ఆంపియర్లు రాశారో చూడండి. దాన్ని 12తో గుణిస్తే వచ్చేదే ప్రాసెసర్‌కీ కార్డుకీ నిజంగా దక్కే కరెంటు. 14 ఆంపియర్లు అని ఉంటే 168 వాట్లు, అంతే, పైన ఎంత రాసుకున్నా సరే. మంచి కంపెనీ 290 వాట్ల పాత ఎస్ఎంపీఎస్ ఇలాంటి 500 కంటే ఎన్నో రెట్లు నమ్మకం.

అందుకని ఈసారి లెక్క తిరగేశాను. ముందు కార్డు అనుకుని తర్వాత కరెంటు వెతకడం కాకుండా, స్లాట్ ఇచ్చే 75 వాట్ల లోపల, బయటి ప్లగ్ అక్కర్లేకుండా నడిచే కార్డుల్లో నా పనికి ఏది బాగుంటుందో చూశాను. ఈ గీత గీసుకుంటే మిగిలేవి చాలా తక్కువ.

జీటీ 710, జీటీ 730 లాంటివి మానిటర్‌కి బొమ్మ ఇవ్వడానికే, మిక్సింగ్‌కి పనికిరావు. జీటీ 1030 30 వాట్లే తింటుంది గానీ దాంట్లో వీడియో ఎన్‌కోడర్, అంటే ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు వీడియోని కుదించి ఫైలుగా చేసే భాగం, లేదు, పైగా డీడీఆర్4 మెమరీతో వచ్చిన రకం ఇంకా నెమ్మది. 2016లో వచ్చిన జీటీఎక్స్ 1050 టీఐ, 4 జీబీ, 75 వాట్లు, ఎన్నో ఏళ్లు ఇలాంటి పాత టవర్లకు ఇదే దిక్కు, సెకండ్ హ్యాండ్‌లో ఇప్పటికీ దండిగా దొరుకుతుంది. కానీ ఆ తరం కార్డులకు ఎన్‌విడియా మామూలు డ్రైవర్ (కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు 2025 అక్టోబర్‌తో ఆపేసింది, ఇక సెక్యూరిటీ అప్‌డేట్లే. ఇప్పుడు డబ్బులు పెట్టి కొనాల్సింది కాదు. 2019లో వచ్చిన 1650 దీనికంటే మెరుగు, అదీ 75 వాట్లే, డ్రైవర్లు వస్తూనే ఉన్నాయి, కాకపోతే కొన్ని కంపెనీల మోడళ్లకి 6 పిన్నుల ప్లగ్ ఉంటుంది, కార్డు పై అంచు చూడకుండా డబ్బులివ్వకండి. దీంట్లోనూ 4 జీబీయే.

ఏఎండీ ఆర్ఎక్స్ 6400 చూస్తే 53 వాట్లే, మొదట ఆశపడ్డాను. కానీ మిక్సింగ్ వాళ్లకి అది పనికిరాదు, వీడియో ఎన్‌కోడర్ అసలు పెట్టలేదు. పైగా స్లాట్‌లో నాలుగు లేన్లే, అంటే డేటా వెళ్లే దారులే, వాడుకుంటుంది, స్లాట్ పీసీఐఈ 4.0 రకం అయిన బోర్డు మీద అది చెల్లుతుంది గానీ నా నాలుగో తరం ఐ5 బోర్డు 3.0, అక్కడ ఆ దారి సగానికి సగం అవుతుంది.

నాకు నిజంగా మనసు పడింది ఇంటెల్ ఆర్క్ ఏ380 మీద. 6 జీబీ, ఏవీ1 అనే కొత్త వీడియో ఫార్మాట్‌లో ఎన్‌కోడింగ్, అన్నిటికంటే ముఖ్యంగా ఇప్పటి కెమెరాల 10 బిట్ 4:2:2 (మామూలు 4:2:0 కంటే రంగుల వివరం ఎక్కువ ఉండే రకం) హెచ్.265 ఫుటేజ్‌ని హార్డ్‌వేర్‌లోనే విప్పుతుంది. అది మా పనిలో ఎంత సుఖమో మిక్సింగ్ చేసేవాళ్లకి తెలుసు. కానీ ఆర్క్ కార్డులకి బోర్డులో రీసైజబుల్ బార్, అంటే ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్నీ ఒకేసారి అందుకునే సదుపాయం, ఉండాలి, అది లేకపోతే వేగం బాగా పడిపోతుంది, నాలుగో తరం బోర్డులో అది లేదు. చాలా ఏ380 మోడళ్లకి 8 పిన్నుల ప్లగ్ కూడా ఉంటుంది. మీది పదో తరం లేదా ఆ తర్వాతి బోర్డు అయి, ప్లగ్ లేని మోడల్ దొరికితే, నా కార్డు పక్కన పెట్టి ముందు దాన్ని చూడండి.

అలా మిగిలింది ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ. 2024 ఫిబ్రవరిలో వచ్చింది, 70 వాట్లు. ఇక్కడ ఒక మెలిక ఉంది, దయచేసి గుర్తుపెట్టుకోండి: 3050 పేరుతోనే 8 జీబీ కార్డు వేరే ఉంది, అది 130 వాట్లు, దానికి బయటి ప్లగ్ తప్పదు. పేరొకటే గానీ లోపల కోర్లు (లెక్కలు చేసే భాగాలు) కూడా వేరు, 8 జీబీ దాంట్లో 2560, 6 జీబీ దాంట్లో 2304. షాపులో "3050 ఇవ్వండి" అని ఊరుకోకుండా 6 జీబీ అని చెప్పి, పెట్టె విప్పి ప్లగ్ లేదని చూసుకుని తీసుకోండి. మా బావమరిది సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో కొని బస్సు పార్సిల్‌లో పంపాడు, 17 వేల చిల్లర పడింది. ఒకే ఫ్యాను ఉన్న పొట్టి మోడల్ అడిగాను, పాత టవర్లలో పొడుగు కార్డు డిస్కుల అరకి తగులుతుంది.

బిగించగానే తెర మీద బొమ్మ రాలేదు, గుండె ఆగినంత పనైంది. కార్డు తీసి, ఇంటెల్ సొంత గ్రాఫిక్స్ మీద నడిపి, బయోస్ (బోర్డు సొంత సాఫ్ట్‌వేర్) కొత్తది వేసి, బూట్, అంటే సిస్టమ్ మొదలయ్యే పద్ధతి, పాత లెగసీ నుంచి కొత్త యూఈఎఫ్ఐకి మార్చాక వచ్చింది. మీ విండోస్ పాత లెగసీ పద్ధతిలో వేసి ఉంటే ముందే ఆ పని చూసుకోండి, సీజన్ మధ్యలో పెట్టుకోకండి.

ఇక పని. 1060కి ఏమాత్రం తీసిపోలేదు, అదీ 120 బదులు 70 వాట్లతో. ప్రీమియర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కలర్ కరెక్షన్ వేసిన టైమ్‌లైన్ మీద ఆగకుండా కదులుతుంది. ఎక్స్‌పోర్ట్ కార్డులోని ఎన్‌కోడర్ చూసుకుంటుంది కాబట్టి మూడు గంటల పెళ్లి క్యాసెట్, మా వైపు ఇప్పటికీ క్యాసెట్ అనే అంటారు, రాత్రి పెడితే తెల్లారేదాకా కాచుకునే పని లేదు. 6 జీబీ వల్ల 4కే ఫుటేజ్‌కి మెమరీ చాలట్లేదన్న గొడవ బాగా తగ్గింది. తీరని లోటు ఒకటే, ఆ 4:2:2 ఫుటేజ్‌ని ఈ కార్డు హార్డ్‌వేర్‌లో విప్పలేదు, ఎన్‌విడియాలో అది 50 సిరీస్ కార్డుల నుంచే వచ్చింది. డ్రోన్ షాట్లు, మామూలు 4:2:0 అయితే నీళ్లలా నడుస్తాయి. 4:2:2 వస్తే నేను ప్రాక్సీలు (తేలికైన నకలు ఫైళ్లు) చేసుకుని కట్ చేస్తాను, లేదా కెమెరా కుర్రాడికి ముందే చెప్పి 4:2:0లో తీయిస్తాను. ఫొటో ఆల్బమ్ డిజైనింగ్ మాత్రమే చేసేవాళ్లయితే ఇంత డబ్బు కార్డు మీద పెట్టకండి, ర్యామ్ మీదా ఎస్ఎస్‌డీ మీదా పెట్టండి.

మొత్తం లెక్క ఎంత అంటారేమో. ప్రాసెసర్ 84, కార్డు 70, బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లు కలిపి నలభై వేసుకున్నా 200 లోపే, 290లో ఇంకా ఊపిరి ఉంటుంది. మా ఇంట్లో ఇది ఇంకో రకంగా పనికొచ్చింది. మా చుట్టూ రొయ్యల చెరువులు, రాత్రిపూట ఏరియేటర్లు తిరిగే వేళ వోల్టేజీ దిగుతుంది, తుఫాను గాలి లేస్తే అసలు కరెంటే ఉండదు. నా 600 వీఏ యూపీఎస్ మీద 360 వాట్లు అని రాసి ఉంటుంది, 1060 ఉన్నప్పుడు ఎక్స్‌పోర్ట్ మధ్యలో కరెంటు పోతే ఆ యూపీఎస్ కుయ్యిమని అరిచి సేవ్ చేసేలోపే పడిపోయేది. ఇప్పుడు ప్రాజెక్టు సేవ్ చేసి, సిస్టమ్ పద్ధతిగా ఆపేంత టైమ్ దొరుకుతోంది. బ్యాటరీ మాత్రం రెండేళ్లకోసారి మార్చండి. ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు అది స్క్వేర్ వేవ్‌దో సైన్ వేవ్‌దో కనుక్కోండి, కొత్త రకం మంచి ఎస్ఎంపీఎస్‌లు కొన్ని స్క్వేర్ వేవ్ మీద సరిగ్గా నడవవు.

వేడి విషయానికొస్తే ఎండాకాలం కూడా ఒక్క ఫ్యానుతోనే సరిపోయింది, ఏసీ లేని గదిలో చప్పుడు కొంచెం వినిపిస్తుంది, అంతే. మా సముద్రపు గాలికి మాత్రం ఏ కార్డైనా ఒకటే, ఉప్పు తేమకి పిన్నులు మసకబారతాయి. ఆరు నెలలకోసారి కార్డు తీసి బంగారు రంగు పిన్నులని మెత్తటి ఎరేజర్‌తో రుద్ది, పొడి దులిపి పెడుతున్నాను. స్లాట్ కరెంటు మీదే బతికే కార్డు కాబట్టి ఆ పిన్నులు శుభ్రంగా ఉండటం మామూలుకంటే ఎక్కువ అవసరం.

సెలవులకి వచ్చినప్పుడు మా మేనల్లుడు దీని మీద గేములు ఆడతాడు, 1080పీ తెర మీద మీడియం సెట్టింగులతో హాయిగా నడుస్తున్నాయంటాడు.

టవర్ కాకుండా సన్నటి డెస్క్‌టాప్ ఉన్నవాళ్లకి ఇదే కార్డులో సగం ఎత్తు మోడళ్లు దొరుకుతాయి, పెట్టెలో పొట్టి బిగింపు పట్టీ ఉందో లేదో అడిగి తీసుకోండి. అలాంటి సన్న పెట్టెల్లో ఎస్ఎంపీఎస్ 180 వాట్లే ఉంటే కార్డు కొనేముందు ప్రాసెసర్ వాట్లు కూడా కలిపి లెక్క వేసుకోండి. ఇంకొకటి, మీ మానిటర్ పాత వీజీఏ వైరుదైతే ఈ కార్డుకి ఆ పోర్టు ఉండదు, హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే కన్వర్టర్ కూడా అదే పార్సిల్‌లో తెప్పించుకోండి. నాకు అది తట్టలేదు, దానికోసం మళ్లీ చించినాడ వంతెన దాటి పాలకొల్లు వెళ్లి రావాల్సొచ్చింది.