ఇద్దరు కూర్చునే గాలి పడవ: ఏడాది పైగా వాడి చూశాక

2024 సెప్టెంబరు 1వ తేదీ ఆదివారం బుడమేరు వాగు నీళ్లు విజయవాడ సింగ్‌నగర్‌లో మా వీధిని ముంచెత్తినప్పుడు మేము పై అంతస్తులో ఉన్నాం కనుక మాకు ప్రాణభయం లేకపోయింది. వీధి చివర రేకుల ఇంట్లో ఉండే డెబ్బై ఎనిమిదేళ్ల మామ్మగారిని మాత్రం నలుగురం కలిసి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నడుము లోతు నీళ్లలో భుజాల మీద మోసుకు రావలసి వచ్చింది. ఆ తరువాతి రోజుల్లో మంచినీళ్ల కోసం, పాల కోసం ఫ్లైఓవరు దాకా ఆ మురికినీళ్లలోనే నడిచాం. కొందరు లారీ ట్యూబుల మీద, కొందరు థర్మాకోల్ పలకల మీద సామాను తోసుకుంటూ తిరిగారు. మన ఇంట్లో ఒక చిన్న పడవ ఉంటే ఎంత బాగుండేదన్న ఆలోచన అప్పుడే పుట్టింది. మరుసటి ఏప్రిల్‌లో గాలి నింపుకొనే పడవ ఒకటి కొన్నాను. దానిని ఏడాది పైగా వాడి, రెండు సార్లు పాడు చేసుకుని, బాగు చేసుకున్న అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. ఇదే తరహా పడవలు అనేక పేర్లతో అమ్ముతున్నారు, నేను చెప్పేది ఆ తరహా మొత్తానికీ వర్తిస్తుంది కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు.

పడవ మందమైన పీవీసీ ప్లాస్టిక్ రేకుతో చేసినది. గాలి నింపాక పొడవు ఎనిమిది అడుగులకు కొంచెం తక్కువ, వెడల్పు నాలుగు అడుగులకు లోపు ఉంటుంది. చుట్టూ ఉన్న గొట్టంలో బయటి గది, లోపలి గది విడివిడిగా ఉంటాయి, అడుగున మరొక గది. రెండు తెడ్లు, చేతి పంపు, అంచున పట్టుకోవడానికి తాడు, ఒక అతుకు ముక్క పెట్టెలోనే వచ్చాయి. మొత్తం ఎనిమిది వేల రూపాయలయింది. లైఫ్ జాకెట్లు మాత్రం రాలేదు. వాటిని వేరుగా, ఒక్కొక్కటి పన్నెండు వందలకు కొన్నాను. ఇది ప్రాణరక్షణ సాధనం కాదని పెట్టె మీదే అచ్చు వేసి ఉంది. కొనే ముందు ఆ వాక్యాన్ని అందరూ చదవాలని నా కోరిక. ఈ పడవ నీటి మీద తేలే సాధనమే గానీ, నీటిలో పడిన మనిషిని తేల్చే సాధనం కాదు. ఆ పని జాకెట్టుదే. 2017 నవంబరులో కృష్ణా నదిలో పవిత్ర సంగమం దగ్గర పర్యాటకుల పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా చనిపోయినప్పుడు అందులోని వారికి లైఫ్ జాకెట్లు లేవన్న సంగతి ఈ ఊళ్లో ఎవరూ మరచిపోలేదు. కనుక జాకెట్ల ఖర్చును పడవ ధరలోనే కలిపి లెక్క వేసుకోండి. ఆ డబ్బు లేకపోతే పడవ కొనడం వాయిదా వేసుకోండి.

మొదటి పరీక్ష కైకలూరు దగ్గర మా మేనమామగారి చేపల చెరువులో చేశాను. బుడమేరు చివరకు కలిసేది ఆ పక్కనున్న కొల్లేరులోనే కనుక, మా వీధిలోకి వచ్చిన నీళ్లు వెళ్లిన దారినే నేనూ వెళ్లినట్టయింది. చేతి పంపుతో గాలి నింపడానికి పద్నాలుగు నిమిషాలు పట్టింది. వాల్వుల మీద ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి ఉంటాయి, ఆ వరుస తప్పకూడదు. ఒక గదిని పూర్తిగా బిగించి పక్క గదిని ఖాళీగా ఉంచితే రెండింటి మధ్య గోడ మీద భారం పడి, అది ఒకవైపు ఉబ్బిపోతుంది. గొట్టం మీద స్కేలు గీతలు కూడా ముద్రించారు. గాలి నిండే కొద్దీ రేకు సాగి ఆ గీతలు ఎడం అవుతాయి. పెట్టెలో వచ్చిన కాగితపు స్కేలును పక్కన పెట్టి, రెండూ సరిపోగానే పంపు ఆపాలి. చేత్తో నొక్కి అంచనా వేసుకోవడం కంటే ఈ పద్ధతి ఎంతో నమ్మకమైనది. పడవలో నాకు అన్నిటికంటే నచ్చిన ఏర్పాటు ఇదే.

గాలి ఒత్తిడి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ పడవలు మన ఎండల్లో పాడయ్యేది ఎక్కువగా అక్కడే. వీటికి కావలసిన ఒత్తిడి ఒక పీఎస్‌ఐకి లోపే. మోటారు సైకిలు టైరులో పాతిక, ముప్పై పీఎస్‌ఐ ఉంటుంది. అందుచేత పంక్చరు దుకాణంలోని కంప్రెసరుతో పడవకు గాలి పట్టించడమంటే కొన్ని క్షణాలలో అతుకులు ఊడగొట్టుకోవడమే. ఎండ సంగతి కూడా అలాంటిదే. ఉదయం ముప్పై డిగ్రీల దగ్గర మూసిన గాలి ఎండలో యాభై డిగ్రీలకు వేడెక్కితే, గొట్టం ఏమాత్రం సాగదనుకుంటే, లోపలి ఒత్తిడి దాదాపు ఒక పీఎస్‌ఐ పెరుగుతుంది. టైరుకు అది లెక్కలోకి రాదు గానీ, ఈ పడవకు మాత్రం ఉండవలసిన ఒత్తిడి రెట్టింపు దాటిపోతుంది. ఆ రోజు మేము భోజనానికి వెళుతూ పడవను గట్టు మీద ఎండలో వదిలేశాం. తిరిగి వచ్చేసరికి గొట్టం డప్పులాగా బిగుసుకుపోయి ఉంది. వేలితో తడితే ఖంగుమంటోంది. ముందు భాగంలో అతుకు వెంబడి రేకు సన్నగా తెల్లబడింది. వెంటనే వాల్వు తెరిచి కొంత గాలి వదిలాను గానీ, ఆ తెల్ల గీత ఇప్పటికీ పోలేదు. నీళ్లలోంచి పైకి తీసిన పడవను నీడకు చేర్చాలి, లేదా ప్రతి గదిలోనూ కొంత గాలి తీసేయాలి. దీనికి తిరగేసిన సంగతి కూడా గుర్తుంచుకోవాలి. గట్టు మీద సరిగ్గా నింపిన పడవను చల్లటి నీటిలో దించగానే లోపలి గాలి చల్లబడి గొట్టం కాస్త మెత్తబడుతుంది. పంక్చరు పడిందని కంగారు పడకుండా, అయిదు నిమిషాలు ఆగి నాలుగు పోట్లు గాలి కొడితే సరిపోతుంది.

వాల్వుకు ఒకదాని మీద ఒకటి రెండు మూతలు ఉంటాయి. పై మూత తీస్తే పంపు పెట్టే చోటు కనిపిస్తుంది. అక్కడ లోపల నల్లటి రబ్బరు బిళ్ల గాలిని లోనికి పోనిచ్చి బయటకు రానివ్వదు. కింది మూత తీస్తే గాలి మొత్తం ఒక్కసారిగా పోతుంది. పడవ నీటి మీద ఉండగా పిల్లలు ఆడుకుంటూ ఆ కింది మూతను తిప్పే ప్రమాదం ఉంది కనుక, వారిని వాల్వుకు దూరంగా కూర్చోబెట్టాలి. రెండో రోజు బయటి గది గంటకొకసారి మెత్తబడుతుంటే పంక్చరు కోసం పడవంతా వెతికాం. చివరకు రబ్బరు బిళ్ల అంచున ఆవగింజంత ఇసుక రేణువు ఇరుక్కుని ఉంది. మంచినీళ్లతో కడిగాక సరిపోయింది.

ఎక్కే పద్ధతిని చెరువు కాపలా చూసే పెద్దాయన నేర్పారు. ‘బాబూ, అంచు మీద కాలెట్టమాకండి, నడిమధ్యన పెట్టి ఎమ్మటే కూకోండి’ అన్నారు. ఆ ఒక్క మాటలో పుస్తకంలోని రెండు పేజీల సారం ఉంది. ఒడ్డున ఒకరు పడవను గట్టిగా పట్టుకోవాలి, ఎక్కేవారు రెండు అంచులూ పట్టుకుని వంగి అడుగు మధ్యలో పాదం మోపాలి, కూర్చున్నాక లేవకూడదు. ఇద్దరం జాకెట్లు వేసుకుని కూర్చుని, గట్టుకు దగ్గరగా ఛాతీ లోతు నీటిలో కావాలనే బయటి గది వాల్వు తెరిచి చూశాం. రెండు నిమిషాలలో అంచులు కుంగి నీళ్లు లోపలికి వచ్చాయి, పడవ ఒక పక్కకు మడత పడింది, కానీ లోపలి గది మమ్మల్ని తేల్చే ఉంచింది. రెండు గదులు ఉండడం వలన కలిగిన మేలు ఇది. ఒకే గది ఉన్న చవక రకాలను బొమ్మలుగా తప్ప పడవలుగా చూడకండి.

మోయగలిగిన బరువు 200 కిలోలని పడవ మీద రాసి ఉంది. డెబ్బై కిలోల వారు ఇద్దరు, ఇరవై లీటర్ల నీళ్ల టిన్నులు రెండు వేసుకుంటే 180 కిలోలు. అంత వేసి చూశాను. తేలింది గానీ, అంచు నీటికి మరీ దగ్గరగా దిగి, తెడ్డు వేసిన ప్రతిసారీ నీళ్లు లోపలికి చిమ్మాయి. 130 కిలోలు దాటకుండా వాడితేనే నిలకడగా ఉంటుందని నా అనుభవం. అంటే పెద్దవారు ఒకరు, పసిబిడ్డ కాని పిల్లవాడు ఒకరు, కొంత సామాను.

ఇంతకంటే పెద్ద లోపం గాలికి నిలవలేకపోవడం. అడుగు చదునుగా ఉంటుంది, బరువు తక్కువ, గొట్టాలు నీటికి పైన తెరచాపలాగా నిలబడతాయి. సాయంత్రం పడమటి గాలి లేచినప్పుడు నేను ఒక్కణ్ణే ఉన్నాను. ఎంత బలంగా తెడ్లు వేసినా పడవ అక్కడక్కడే గిరగిరా తిరుగుతూ ఎదుటి గట్టు వైపు కొట్టుకుపోయింది. మోకు కట్టి ఉంది కనుక మామయ్య గట్టు మీద నుంచి లాగారు. ‘ఒరేయ్ అబ్బాయ్, ఇది కృష్ణలో అయితే నిన్ను లాగేవాడెవడ్రా?’ అని ఆయన అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ముప్పై మీటర్ల మోకు, ఒడ్డున ఒక మనిషి లేకుండా ఆ తరువాత నేను ఎప్పుడూ పడవ దించలేదు.

పున్నమి ఘాట్‌లో గానీ, భవానీ ద్వీపం వైపు గానీ, ఏలూరు, బందరు కాలువలలో గానీ ఈ పడవ వేయాలని అనుకునేవారికి నా సమాధానం వద్దనే. కృష్ణ మీది ప్రకాశం బ్యారేజీకి ఎగువన నీరు నిశ్చలంగా కనిపించినా గేట్లు ఎత్తినప్పుడు ఆ నీటికి లాగే గుణం వస్తుంది. 2024 వరదలో ఆ బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చినప్పుడు టన్నుల బరువున్న పడవలే కొట్టుకొచ్చి గేట్లను ఢీకొని, అవి ఎత్తడానికి సాయపడే బరువు దిమ్మెలను (కౌంటర్‌వెయిట్లను) దెబ్బతీశాయి. ఇక ఈ గాలి గొట్టాల మాట చెప్పనక్కరలేదు.

మరి వరదలో దీని ఉపయోగం ఏమిటంటే, ప్రవాహం లేకుండా వీధిలో నిలిచిపోయిన నీటిలో, నడవలేని వారిని కూర్చోబెట్టి, ముందు ఒకరు, వెనుక ఒకరు నడుస్తూ లాగడానికి ఇది చాలా బాగా పనికొస్తుంది. ఆ రోజు మామ్మగారిని కుర్చీలో మోయడానికి నలుగురం కావలసి వచ్చింది, పడవ ఉంటే ఇద్దరు సరిపోయేవారు. అయితే నీళ్ల కింద ఏముందో కనిపించదు. ప్రహరీల మీది గాజు పెంకులు, గేట్ల పైనుండే ఇనుప మొనలు, ముళ్లకంపలు రేకును చీల్చేస్తాయి. ముందు నడిచేవారు పొడవైన కర్రతో తడుముకుంటూ వెళ్లాలి, మూత లేని మ్యాన్‌హోళ్లు తెలిసేది కూడా దానితోనే. కాలికి గట్టి బూట్లు ఉండాలి, గాయాలతో ఆ నీటిలో దిగకూడదు. ఎలుకల మూత్రం కలిసిన వరద నీటి వలన లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వచ్చే ప్రమాదం ఉంది. కరెంటు తీసేశారని 1912కు ఫోను చేసి నిర్ధారించుకోకుండా ట్రాన్స్‌ఫార్మరు ఉన్న వీధిలోకి వెళ్లవద్దు. మోకును నడుముకో మణికట్టుకో కట్టుకోవద్దు, చేత్తోనే పట్టుకోవాలి. నీరు మోకాలి లోతే అయినా కదులుతూ ఉంటే పడవ దించకుండా, విపత్తు దళాల పడవల కోసం మేడ మీద వేచి ఉండడమే క్షేమం.

భద్రపరచడంలో నేను చేసిన పొరపాటు ఖరీదైనది. తొలి వానలప్పుడు వాడిన పడవను సరిగా ఆరకుండానే మడిచి అటక మీద పెట్టాను. డిసెంబరులో తీస్తే ముక్క వాసన, బూజు మచ్చలు, మడత మూలన ఎలుక కొరికిన సెనగగింజంత రంధ్రం. వన్‌టౌన్‌లో ఒక దుకాణదారుడు సైకిలు ట్యూబుకు వాడే సొల్యూషను ఇచ్చి ఇదే చాలన్నాడు. మూడో రోజుకు అతుకు ఎండిన పొరలాగా లేచిపోయింది. అది రబ్బరుకు పట్టుకుంటుంది గానీ పీవీసీకి పట్టుకోదు. క్షణాల్లో అంటుకునే గమ్ము కూడా పనికిరాదు. అది గట్టిపడి, రేకు సాగినప్పుడు పెళ్లలుగా విరిగిపోతుంది. పీవీసీకి ప్రత్యేకంగా దొరికే గమ్ము తెచ్చి, పడవలో గాలి పూర్తిగా తీసి, రంధ్రం చుట్టూ స్పిరిటుతో తుడిచి, అతుకును మూలలు లేకుండా గుండ్రంగా, రంధ్రానికి అన్ని వైపులా అంగుళం మించేలా కత్తిరించి అంటించాను. ఒక రాత్రంతా దాని మీద బరువు ఉంచి, మరునాడు గాలి నింపి సబ్బు నీళ్లు పూసి చూస్తే ఒక్క బుడగ కూడా రాలేదు. ఆ అతుకు ఇప్పటికీ గట్టిగానే ఉంది. పెట్టెలో అతుకు ముక్క ఇచ్చి గమ్ము ఇవ్వకపోవడం కంపెనీ చేసిన లోపమనే అంటాను.

ఇప్పుడు వాడిన ప్రతిసారీ మంచినీళ్లతో, అవసరమైతే తేలికపాటి సబ్బుతో కడుగుతున్నాను. పెట్రోలు, థిన్నరు, బ్లీచింగు దగ్గరకు రానివ్వను. నీడలో ఆరబెట్టి, గుడ్డతో అతుకుల సందులు తుడిచి, టాల్కం పౌడరు చల్లి, ప్రతిసారీ ఒకే గీత మీద మడత పడకుండా వదులుగా చుట్టి, మూత ఉన్న ఇనుప డ్రమ్ములో పెడుతున్నాను. డ్రమ్మును కింద కాకుండా మేడ మీది గదిలో ఉంచాను. వరద వచ్చినప్పుడు కింది గదిలో ఉంటే మొదట మునిగేది అదే కదా. జూన్ మొదటి ఆదివారం డాబా మీద సాయంత్రం గాలి నింపి తెల్లవారేదాకా ఉంచి, స్కేలు గీతలు చూస్తున్నాను. ఈసారి ఆ పరీక్షకు వీధిలోని కుర్రాళ్లు నలుగురిని పిలిచి, మూత తిప్పడం, జాకెట్టు పట్టీలు బిగించడం వాళ్ల చేతే చేయించాను. డ్రమ్ము ఉన్న గది తాళం చెవి ఒకటి మామ్మగారి ఇంట్లో ఉంచాను.